క్రెడిట్ కార్డుతో ఇచ్చే రోడ్డు సాయం మన జిల్లాల దాకా వస్తుందా?

వంశధార_గట్టు (శ్రీకాకుళం)
సోమవారం ఉదయం 6:20

రాత్రంతా నిద్ర లేదు, కోపం మాత్రం నిండుగా ఉంది. అందుకే ఇంత పొద్దున్నే రాస్తున్నాను. పొడవు ఎక్కువవుతుంది, ఓపిక ఉన్నవారే చదవండి.

నిన్న కంచిలిలో బంధువుల పెళ్లి. తిరుగు ప్రయాణానికి చీకటి పడింది. కారులో నేను, మా ఆవిడ, వెనక సీట్లో మా అమ్మ, ఆమె ఒడిలో పెళ్లివారు కట్టిచ్చిన లడ్డూల సంచి. పలాస దాటిన కాసేపటికి మీటర్ల పక్కన బ్యాటరీ గుర్తు ఎర్రగా వెలిగింది. ఎలాగోలా టెక్కలి చేరితే అక్కడ చూపించుకోవచ్చని ముందుకే పోనిచ్చాను. అది నా తప్పే, ఒప్పుకుంటున్నాను. నందిగాం దగ్గరకు వచ్చేసరికి హెడ్‌లైట్లు ప్రమిదల్లా అయిపోయాయి. ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పాకింది. బండి రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. సెల్ఫ్ కొడితే టిక్కుమన్నది తప్ప ఇంకేమీ లేదు. అప్పుడు సమయం 9:40.

నా క్రెడిట్ కార్డుతో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉచితం. కార్డుతో వచ్చిన పుస్తకంలో బొమ్మ కూడా వేశారు: నవ్వుతున్న కుటుంబం, పక్కన టోపీ పెట్టుకున్న మెకానిక్. ఏటా ఫీజు కడుతున్నాను కదా, ఇవాళ పనికొచ్చిందనుకుని ధీమాగా ఫోన్ చేశాను.

కార్డు నంబరు, పుట్టిన తేదీ, బండి నంబరు అన్నీ అడిగి, 'మీ వాహనం మా దగ్గర నమోదు కాలేదు' అన్నారు. ముందే నమోదు చేసుకోవాలట. బతిమాలితే అప్పటికప్పుడు చేశారు, పావుగంట పట్టింది. తర్వాత సంభాషణ ఇలా సాగింది.

'ఎక్కడున్నారు సార్?'
'శ్రీకాకుళం జిల్లా, నందిగాం దగ్గర, హైవే మీద.'
'శ్రీకాళహస్తి గుడికి ఎంత దూరంలో ఉన్నారు సార్?'
'శ్రీకాళహస్తి కాదమ్మా, శ్రీకాకుళం.'
'పిన్ కోడ్ చెప్పండి.'

చీకట్లో, పక్క నుంచి లారీలు దూసుకుపోతుంటే, కాలికింద ఉన్న నేల పిన్ కోడ్ ఎవరికి తెలుస్తుంది?

చివరికి 'మీ సహాయకుడు బయలుదేరాడు' అని సందేశం వచ్చింది. పటం తెరిచి చూస్తే ఆయన గాజువాకలో ఉన్నాడు. నాలుగు గంటలు పడుతుందట. ఉచితం 20 కిలోమీటర్ల వరకేనట, ఆపైన కిలోమీటరుకు 25 రూపాయలట, రానూపోనూ లెక్కట. ఎంతవుతుందని అడిగితే దాదాపు ఎనిమిదిన్నర వేలన్నారు. వద్దని ఫోన్ పెట్టేశాను.

దాబా నుంచి నడిచివచ్చిన ఒక పెద్దాయన '1033కి చేయండి బాబూ, జాతీయ రహదారి సాయం నంబరు' అన్నాడు. చేశాను. పిన్ కోడ్ అడగలేదు, కిలోమీటరు రాయి మీద అంకె ఎంతుందని అడిగారు. వెనక్కి నడిచి, ఫోన్ వెలుతురులో చూసి చెప్పాను. అరగంటలో హైవే గస్తీ బండి వచ్చి, కారు వెనక ఎర్రటి కోన్లు పేర్చి, మమ్మల్ని దాబా ముందుకు చేర్చింది. దాబా ఆయన ఫోన్ చేస్తే టెక్కలి నుంచి ఒక కుర్రాడు మోటారు సైకిల్ మీద వచ్చాడు. హ్యాండిల్‌కు మూడు బెల్టులు తగిలించుకుని మరీ వచ్చాడు. బానెట్ ఎత్తి, తెగిన ఫ్యాన్ బెల్టును తోక పట్టుకుని లాగినట్టు లాగి చూపించాడు. కొత్తది వేసి, నీళ్లు పోసి, దాబా ముందున్న వ్యాను నుంచి కేబుళ్లతో బ్యాటరీకి కరెంటు ఇచ్చి బండి స్టార్ట్ చేశాడు. బెల్టుతో కలిపి 1,100 తీసుకున్నాడు. 'కార్డువాళ్ల కోసం దాచిన లడ్డూలు ఈ అబ్బాయికి పెట్టు' అంది మా అమ్మ. ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర.

నా ప్రశ్న ఒక్కటే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఈ కార్డు సాయం ఎవరికైనా నిజంగా అందిందా?


జీడితోట (పలాస)
సోమవారం ఉదయం 7:05

మాస్టారూ, ఎర్రదీపం మా ఊరు దాటాక వెలిగితే వెనక్కి తిరగాలి. పలాసలో జీడిపప్పుతో పాటు మెకానిక్కులు కూడా దొరుకుతారు.

వేళాకోళం పక్కన పెడితే, నందిగాంకు గాజువాక కంటే బరంపురం చాలా దగ్గర. కానీ అది ఒడిశా. ఫోన్ ఎత్తినవారి కంప్యూటర్లో రాష్ట్రం గీత దాటితే బండి కనబడదు. నాకు ఇచ్ఛాపురం దగ్గర సరిగ్గా ఇదే జరిగింది. బరంపురంలో వారి ఒప్పందపు గ్యారేజీ బోర్డు నేను కళ్లారా చూశాను, అయినా విశాఖ నుంచే పంపుతామన్నారు.


గంటస్తంభం_నీడ (విజయనగరం)
సోమవారం ఉదయం 8:40

బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైనవాణ్ణి. కార్డుల విభాగంలో కొంతకాలం ఉన్నాను కాబట్టి రెండు మాటలు.

ఈ సాయం బ్యాంకు చేయదు. వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి కార్డు నెట్‌వర్కో, బ్యాంకో వేరే సేవా సంస్థతో టోకున ఒప్పందం చేసుకుంటుంది. ఆ సంస్థ మళ్లీ ఊరూరా గ్యారేజీలతో ఒప్పందం చేసుకుంటుంది. మీ ఫోన్ మూడు చేతులు మారి మెకానిక్‌ను చేరుతుంది. బాధ్యత మాత్రం మూడు చోట్లా జారిపోతుంది. పుస్తకం చివర చిన్న అక్షరాల్లో 'సేవలో లోపానికి బ్యాంకు బాధ్యత వహించదు' అనే వాక్యం ఉండి తీరుతుంది, వెతకండి.

ఆ చిన్న అక్షరాల్లోనే చూడవలసినవి ఇంకా ఉన్నాయి. సాయం నగర పరిధికి ఎన్ని కిలోమీటర్ల లోపు? ఏడాదికి ఎన్నిసార్లు? బండి వయసుకు పరిమితి ఉందా? గత మూడు నెలల్లో కార్డు వాడి ఉండాలన్న షరతు ఉందా? పసుపు నంబరు ప్లేటు బండికి వర్తిస్తుందా? సాధారణంగా వర్తించదు. 'ఉచితం' అన్నది మనిషి రావడానికే. బెల్టు, బ్యాటరీ, పెట్రోలు ధర మనదే.

కోపంతో కార్డు రద్దు చేసుకోవాలనిపిస్తే అదీ తెలుసుకోండి. రిజర్వు బ్యాంకు 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, బకాయి లేని కార్డును రద్దు చేయమని అడిగాక ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యమైతే రోజుకు 500 రూపాయల చొప్పున బ్యాంకే మీకు కట్టాలి. మీరు స్పష్టంగా ఒప్పుకోకుండా పెద్ద కార్డుకు మార్చి ఫీజు వేయడానికీ వీల్లేదు. ఇది చాలామందికి తెలియదు, చెప్పేవారూ లేరు.


అరసవల్లి_ఉదయం (శ్రీకాకుళం)
సోమవారం ఉదయం 9:15

అందరూ తిట్టేలోగా ఒక మంచి మాట నేను చెబుతాను. నాకు అందింది. కానీ విశాఖలో.

మా అమ్మాయిని కాలేజీలో దించి వస్తుంటే మద్దిలపాలెం దగ్గర టైరు పంక్చరైంది. స్టెపినీ ఉంది, జాకీ ఉంది, చక్రం బోల్టులు మాత్రం నా బలానికి కదల్లేదు. కార్డు నంబరుకు ఫోన్ చేస్తే 35 నిమిషాల్లో మనిషి వచ్చాడు. పది నిమిషాల్లో చక్రం మార్చాడు. పైసా తీసుకోలేదు. 'అక్కా, బోల్టులు కారు షోరూంలో మిషనుతో బిగించారు, అందుకే రావు' అని, ఒకసారి విప్పి చేత్తో బిగించి ఇచ్చాడు.

గంటస్తంభం గారు చెప్పిన నగర పరిధి అన్నది ఇదే కాబోలు. ఒంటరిగా కారు నడిపే ఆడవారికి దాబా పెద్దాయన దొరుకుతాడన్న భరోసా మీద బయలుదేరడం కుదరదు. పక్కా నంబరు, పక్కా పేరు, వచ్చేవాడి ఫొటో ఫోన్‌లో కనబడటం మాకు ముఖ్యం. అందుకోసం డబ్బు కట్టమన్నా కడతాను. కట్టాక శ్రీకాళహస్తి అనకూడదు, అంతే.


స్పానర్_14 (నరసన్నపేట)
సోమవారం మధ్యాహ్నం 2:10

భోజనం చేసి ఇప్పుడే చూశాను. నాది హైవే పక్కనే చిన్న గ్యారేజీ. ఇలాంటి సంస్థలు రెండింటితో నాకు ఒప్పందం ఉంది, ఒకటి మానుకున్నాను. లోపలి సంగతి చెబుతాను, పేర్లు అడగవద్దు.

మా ఒప్పందంలో పంక్చర్‌కో జంప్‌స్టార్ట్‌కో వెళితే కేసుకు 350. దూరం 15 కిలోమీటర్లు దాటితే కొంత కలుపుతారు. డబ్బు చేతికి రావడానికి నెలన్నర, ఒక్కోసారి రెండు నెలలు. వెళ్లగానే బండిని నాలుగు వైపులా ఫొటో తీయాలి, తిరిగిన కిలోమీటర్ల మీటరు ఫొటో తీయాలి, పని అయ్యాక కస్టమర్ ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొట్టాలి. ఓటీపీ కొట్టకపోతే కేసు మూయబడదు, డబ్బు రాదు. మందస కొండల వైపు సిగ్నలే ఉండదు. ఒకసారి పని చేసి, ఓటీపీ కోసం కస్టమర్‌ను బండి ఎక్కించుకుని మూడు కిలోమీటర్లు వెళ్లి, సిగ్నల్ దొరికాక కేసు మూసి, మళ్లీ ఆయన్ను ఆయన కారు దగ్గర దింపాను.

ఇప్పుడు మీరే చెప్పండి. రాత్రి పది గంటలకు నందిగాంలో కేసు అని ఫోన్ మోగితే నేను ఒప్పుకుంటానా? 'రిజెక్ట్' నొక్కి పడుకుంటాను. నేను నొక్కితే తర్వాత గ్యారేజీకి వెళుతుంది, అతనూ నొక్కుతాడు. అలా నొక్కుకుంటూ నొక్కుకుంటూ గాజువాక చేరుతుంది. అక్కడ టోయింగ్ బండివాడికి కిలోమీటర్ల లెక్క కాబట్టి దూరమైన కొద్దీ అతనికి లాభం. అతను ఒప్పుకుంటాడు. మాస్టారికి పటంలో గాజువాక కనబడింది అందుకే. దగ్గరలో గ్యారేజీలు ఉన్నాయి, ఆ రేటుకు కదిలేవాడు లేడు.

ఇక బండి సంగతి. బ్యాటరీ దీపం, వేడి ముల్లు రెండూ కలిసి లేస్తే నూటికి తొంభై పాళ్లు బెల్టు తెగినట్టే. చాలా కార్లలో ఆ ఒక్క బెల్టే డైనమోను తిప్పుతుంది, నీళ్ల పంపునూ తిప్పుతుంది. అది తెగాక నడిపితే ముందు బ్యాటరీ ఖాళీ అవుతుంది, ఇంకా నడిపితే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అప్పుడు బిల్లు వేలల్లో. మీది ముందే ఆగిపోవడం మీ అదృష్టం. కార్డువాళ్లు వచ్చినా వారి జంప్‌స్టార్ట్ దండగే. డైనమో తిరగనప్పుడు బ్యాటరీకి కరెంటు ఎక్కించినా కొద్ది దూరంలో మళ్లీ ఆగుతుంది. టెక్కలి కుర్రాడు ముందు బెల్టు వేసి, తర్వాత కేబుళ్లు పెట్టాడు చూశారా, అదీ పని తెలిసినవాడి వరుస.

పాత బెల్టు పారేయకండి. దాని వీపు మీద 4పీకే, 5పీకే అని అచ్చు ఉంటుంది. మొదటి అంకె ఎన్ని గాడులో చెబుతుంది, పీకే తర్వాతి అంకె మిల్లీమీటర్లలో పొడవు. అదే కొలతది ఒకటి కొని డిక్కీలో పడేసుకోండి. ధర హోటల్ భోజనం పాటి.


వంశధార_గట్టు (శ్రీకాకుళం)
సోమవారం సాయంత్రం 5:30

స్పానర్ గారూ, దండం. ఇప్పుడే డిక్కీ తెరిచి చూశాను. 4పీకే అనే ఉంది, తర్వాతి అంకెలు అరిగిపోయాయి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మీరు 'రిజెక్ట్' నొక్కి పడుకుంటానన్నది చదివి మొదట ఒళ్లు మండింది. 350 అంకె చూశాక చల్లారింది.


రాజాం_సంత (రాజాం)
సోమవారం సాయంత్రం 6:45

పిన్ కోడ్ మాట వచ్చింది కాబట్టి మా బాధ కూడా వినండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది. పిన్ కోడ్ మాత్రం శ్రీకాకుళం వరుసలోనే 532తో మొదలవుతుంది. విజయనగరం వరుస 535. ఇన్సూరెన్సు వాళ్ల సాయానికి ఫోన్ చేసి 'విజయనగరం జిల్లా, 532127' అంటే కంప్యూటర్ ఒప్పుకోదట. 'జిల్లా తప్పు చెబుతున్నారు సార్' అని నాకే పాఠం చెప్పారు. శ్రీకాకుళం అనమన్నారు. అన్నాను. అప్పుడు 'మీ ఆధార్‌లో విజయనగరం అని ఉంది కదా' అన్నారు.

ఆఖరికి వచ్చారా అని అడగకండి.


సాలూరు_చక్రం (సాలూరు)
సోమవారం రాత్రి 8:20

మాది లారీల ఊరు. ఇంటికో డ్రైవరో, బాడీ కట్టే మేస్త్రీయో ఉంటాడు. మా లారీలకు ఏ కార్డూ రాదు, దారిలో ఆగితే వెనక వచ్చే లారీ ఆగుతుంది. అదే మా అసిస్టెన్స్.

కారువారికి చెప్పవలసింది ఒకటుంది. బండి ఎవరు వచ్చి లాగుతారన్న దానికంటే ఎలా లాగుతారన్నది ముఖ్యం. కార్డువాళ్లు పంపే టోయింగ్ బండ్లు రెండు రకాలు. ఒకటి రెండు చక్రాలు పైకెత్తి, మిగతా రెండింటినీ రోడ్డు మీద దొర్లిస్తూ లాగేది. రెండోది ఫ్లాట్‌బెడ్, కారు మొత్తాన్ని పైకి ఎక్కించుకునేది. ఆటోమేటిక్ గేర్ల బండినీ, నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే బండినీ మొదటిదానితో లాగనివ్వకండి. లోపల ఆయిల్ తిరగకుండా చక్రాలు తిరిగితే గేర్‌బాక్సు పోతుంది. ఫోన్‌లోనే 'ఫ్లాట్‌బెడ్ పంపండి' అని అడగాలి. వచ్చాక అడిగితే వాడు తిరిగి వెళ్లిపోతాడు, మీ లెక్కలో ఒక అవకాశం ఖర్చు రాస్తాడు.

తాడు కట్టి లాగేటప్పుడు ఇంకో సంగతి. ఇంజిన్ ఆగి ఉంటే బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, స్టీరింగు బరువెక్కుతుంది. తాళం చెవి ఆన్‌లో పెట్టకపోతే స్టీరింగు తాళం పడే ప్రమాదమూ ఉంది. సాలూరు నుంచి సుంకి వైపు ఘాట్ రోడ్డులో కారును తాడు కట్టి దించుకుందామని ఎవరైనా అంటే, తాడు లాక్కుని పారేయండి. దిగువలో వెనక బండి ముందు బండిని గుద్దుతుంది. ఎందుకు గుద్దిందో ఇద్దరికీ అర్థం కాదు.

మీ కార్డు పుస్తకంలో ఘాట్ రోడ్లకు వర్తించదు అని ఉందేమో కూడా చూడండి. మా బావమరిది కార్డులో ఉంది. సాలూరు నుంచి కోరాపుట్ వెళ్లే మనిషికి ఘాట్ లేకుండా రోడ్డెక్కడిది?


రామతీర్థం_కొండ (విజయనగరం)
సోమవారం రాత్రి 9:00

కరెంటు కారు ఉన్నవారికి కూడా ఫ్లాట్‌బెడ్ తప్పనిసరి. చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, లోపలి భాగాలు కాలిపోవచ్చు. ఛార్జింగ్ అయిపోయి ఆగితే పెట్రోలులా సీసాతో తెచ్చి పోసేది కాదు. అయినా నా కార్డు పుస్తకంలో 'అయిదు లీటర్ల ఇంధనం తెచ్చిస్తాం' అని గర్వంగా రాశారు. కరెంటు కారు అని చెబితే 'డీజిలా పెట్రోలా సార్' అని అడిగారు.

పైగా నా కారుకు స్టెపినీ లేదు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి చూపే యంత్రం, పంక్చర్ కిట్టు ఉంటే స్టెపినీ అక్కర్లేదని 2020లో కేంద్రం నిబంధన మార్చింది. సాధారణ పంక్చర్‌కు కిట్టు సరిపోతుంది. టైరు పక్కగోడ చిరిగితే కిట్టు ఏమీ చేయలేదు. అప్పుడు టోయింగే.


మంచుదేశం (న్యూజెర్సీ, సొంతూరు బొబ్బిలి)
మంగళవారం ఉదయం 5:50

ఇక్కడి పద్ధతి చెబితే పోల్చుకోవచ్చు. అమెరికాలో వీసా వారి రోడ్డు సాయం చాలా కార్డుల మీద ఉచితం కాదు, పిలిచినప్పుడు కట్టే పద్ధతి. ఒక్కో పిలుపుకు స్థిరమైన రుసుము. దానికి అయిదు మైళ్ల వరకు లాగడం, టైరు మార్చడం, జంప్‌స్టార్ట్, కారులో తాళం ఉండిపోతే తలుపు తీయడం, ఇంధనం తేవడం లాంటివి చేస్తారు. ముందే నమోదు అక్కర్లేదు. ధర ముందే తెలుస్తుంది కాబట్టి గొడవ తక్కువ. ఖరీదైన కార్డులు కొన్ని సంఘటనకు 50 డాలర్ల వరకు తామే భరిస్తాయి, అదీ ఏడాదికి నాలుగుసార్లే.

చాలామంది కార్డును నమ్ముకోరు. 1902 నుంచి ఉన్న ఏఏఏ (అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్) అనే వాహనదారుల సంఘంలో సభ్యత్వం తీసుకుంటారు. అది కారుకు కాదు, మనిషికి. స్నేహితుడి కారులో వెళుతూ ఆగిపోయినా నా కార్డు చూపిస్తే వస్తారు. మన దగ్గర బండి నంబరుకు ముడిపెట్టడం వల్ల, ఇంట్లో రెండు కార్లుంటే ఒకదానికే సాయం అందుతుంది కదా?

ఒకటి ఒప్పుకోవాలి. ఇక్కడ మంచులో రెండు గంటలు నిలబడ్డాను. దాబా లేదు, పెద్దాయన లేడు, టీ కూడా లేదు.


జీడితోట (పలాస)
మంగళవారం ఉదయం 7:30

టీ లేదన్న మాట దగ్గర నా గుండె తరుక్కుపోయింది.


చీపురుపల్లి_గేటు (చీపురుపల్లి)
మంగళవారం ఉదయం 10:20

ఆరు నెలల కింద నా అనుభవం. సేవా సంస్థవారే 'మా మనిషి దొరకడం లేదు, మీరే స్థానికంగా బాగుచేయించుకోండి, బిల్లు పంపితే డబ్బు తిరిగి ఇస్తాం' అన్నారు. సరేనని 2,400 కట్టి బాగుచేయించాను. బిల్లు పంపితే 'జీఎస్టీ నంబరు లేదు' అని తిప్పి పంపారు. మళ్లీ అడిగితే అదే జవాబు. వదిలేశాను.


గంటస్తంభం_నీడ (విజయనగరం)
మంగళవారం ఉదయం 11:00

వదలకండి. అయినా జీఎస్టీ నంబరుతో బిల్లు ఇవ్వడం గ్యారేజీ బాధ్యత కదా, స్పానర్ గారి లాంటివారు రాసివ్వాలి.


స్పానర్_14 (నరసన్నపేట)
మంగళవారం మధ్యాహ్నం 1:45

గంటస్తంభం గారూ, పెద్దవారు, మీ మీద గౌరవంతోనే చెబుతున్నాను. సేవలు చేసేవాడి రాబడి ఏడాదికి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ నమోదు అక్కర్లేదు. చట్టమే వద్దన్న నంబరు నేను ఎక్కడి నుంచి తెచ్చి రాయను? మా వైపు రోడ్డు పక్క గ్యారేజీల్లో ఎక్కువ అలాంటివే. స్థానికంగా చేయించుకోండని ఫోన్‌లో చెప్పేవాడికి ఈ సంగతి తెలియదా? తెలుసు. అందుకే అంత ధైర్యంగా చెబుతాడు.


గంటస్తంభం_నీడ (విజయనగరం)
మంగళవారం మధ్యాహ్నం 3:15

ఒప్పుకుంటున్నాను, ఆ కోణం నాకు తట్టలేదు. బల్లకు ఇవతల కూర్చున్న అలవాటు.

అయితే చీపురుపల్లి గారికి దారి ఉంది. ఫోన్‌లో మాటలు కాదు, బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు పంపి దాని నంబరు దాచుకోండి. సేవా సంస్థకు కాదు, బ్యాంకుకే పంపాలి, ఎందుకంటే ఫీజు తీసుకున్నది బ్యాంకు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. ఖర్చు లేదు, వకీలు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే. వివరాలకు 14448. గ్యారేజీ జీఎస్టీ పరిధిలోకి రాదని గ్యారేజీవారే బిల్లు మీద ఒక వాక్యం రాసి సంతకం చేస్తే మంచిది.


నిర్వాహకుడు
మంగళవారం సాయంత్రం 4:00

ఒక సభ్యుడు బ్యాంకు పేరు, అక్కడి అధికారి పేరు రాశారు. ఆ టపా తొలగించాను. అనుభవం రాయండి, పేర్లు వద్దు.


అరసవల్లి_ఉదయం (శ్రీకాకుళం)
బుధవారం రాత్రి 8:30

ఊరికే తిట్టుకోవడం ఎందుకని ఒక పని చేశాను. పగటిపూట తీరిగ్గా నా కార్డు నంబరుకు ఫోన్ చేసి, 'నా బండి ఆగిపోలేదు, ఆగితే ఎంతసేపట్లో వస్తారో చెప్పండి' అని అడిగాను. ఆ అమ్మాయి ఓపికగానే చెప్పింది. శ్రీకాకుళం డే అండ్ నైట్ కూడలి దగ్గరైతే గంట. కళింగపట్నం బీచ్ అయితే రెండు గంటలు 'కావచ్చు'. సీతంపేట అన్నాక చాలాసేపు సంగీతం వినిపించి, 'అది పార్వతీపురం మన్యం జిల్లా మేడం, అక్కడ మాకు భాగస్వామి లేరు' అంది.

ఆ ఒక్క ఫోన్‌తో నాకు స్పష్టత వచ్చింది. ఊళ్లో వరకు కార్డు, హైవే మీద 1033, మిగతా చోట మన తంటాలు. బండి నంబరు కూడా అప్పుడే నమోదు చేయించేశాను. పుట్టిన తేదీ తప్పుగా ఉందని తేలింది, అదీ దిద్దించాను. రాత్రి పదింటికి రోడ్డు మీద తేలవలసిన సంగతి పగలు వంటింట్లో తేలింది.


సాలూరు_చక్రం (సాలూరు)
బుధవారం రాత్రి 9:10

అమ్మా, 1033 గురించి చిన్న మాట. జాతీయ రహదారికే అది. రాజాం రోడ్డు, పాలకొండ రోడ్డు లాంటి వాటి మీద పనిచేయదు. వారు బండిని బాగుచేయరు కూడా, దారికి అడ్డం లేకుండా పక్కకు చేర్చడం వరకే. ఎవరికైనా దెబ్బలు తగిలితే అంబులెన్సు కూడా ఆ నంబరుకే వస్తుంది.


వంశధార_గట్టు (శ్రీకాకుళం)
మొదటి టపాకు పన్నెండు రోజుల తర్వాత, శనివారం ఉదయం 7:10

తర్వాత ఏమైందని అడిగినవారికి జవాబు. గంటస్తంభం గారు చెప్పినట్టే బ్యాంకుకు ఫిర్యాదు పంపాను. పుస్తకంలో 'దేశమంతటా 24 గంటలూ' అని ఉన్న పేజీ ఫొటో, గాజువాక చూపించిన పటం ఫొటో, ఎనిమిదిన్నర వేలు చెప్పిన సందేశం జతచేశాను. తొమ్మిదో రోజు జవాబు వచ్చింది. తప్పు ఒప్పుకోలేదు, 'సహృదయంతో' అంటూ ఈ ఏటి ఫీజులో సగం వెనక్కి ఇచ్చారు. అంబుడ్స్‌మన్ దాకా వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మా ఆవిడ వెళ్లమంటోంది, అమ్మ వద్దంటోంది.

ఇన్సూరెన్సు రెన్యువల్ ఈ నెలలోనే ఉంది. అందులో రోడ్డు సాయం విడిగా కలుపుకోవచ్చు, కొన్ని వందలే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉన్నవారికి అది ఇవ్వరట, పూర్తి పాలసీ ఉండాలి. డబ్బు కట్టే ముందు ఏజెంటును అరసవల్లి గారి పద్ధతిలోనే అడిగాను: నందిగాం, రాత్రి 9:40, ఎంతసేపట్లో వస్తారు? కనుక్కుని చెబుతానన్నాడు. నాలుగు రోజులైంది.

కొత్త బెల్టు కొని డిక్కీలో పెట్టాను, జంపర్ కేబుళ్లు కూడా. స్పానర్ గారూ, కేబుల్ ఎర్రది ముందా నల్లది ముందా?


స్పానర్_14 (నరసన్నపేట)
శనివారం ఉదయం 9:30

ఎర్రది ముందు, మీ బ్యాటరీ ప్లస్‌కు. ఎర్రది రెండో కొన మంచి బండి ప్లస్‌కు. తర్వాత నల్లది మంచి బండి మైనస్‌కు. నల్లది చివరి కొన మీ బ్యాటరీకి కాదు, మీ ఇంజిన్ మీద రంగు లేని ఇనప భాగానికి, బ్యాటరీకి దూరంగా. నిప్పురవ్వ ఎగిరితే అక్కడే ఎగరాలి, బ్యాటరీ మీద కాదు. తీసేటప్పుడు ఇదే వరుస వెనక నుంచి.


చీపురుపల్లి_గేటు (చీపురుపల్లి)
శనివారం ఉదయం 10:05

నాదీ ఫిర్యాదు పంపాను, ఇంకా 30 రోజులు కాలేదు. ఈలోగా ఒక సాయం. వచ్చే ఆదివారం సోంపేట వెళుతున్నాం, తిరుగు రాత్రే. మాస్టారూ, ఆ టెక్కలి కుర్రాడి నంబరు ఉంటే ఇస్తారా?


వంశధార_గట్టు (శ్రీకాకుళం)
శనివారం ఉదయం 10:20

ఇక్కడ రాయడం బాగుండదు, విడిగా సందేశంలో పంపాను. ఆదివారం మధ్యాహ్నం ఫోన్ ఎత్తడు, క్రికెట్ ఆడతాడట. చీకటి పడ్డాక ఎత్తుతాడు.